కృపాసదనం: అనుకోని గర్భానికి ఆశ్రయమిచ్చిన క్రైస్తవ సేవాగృహాలు

వివాహం కాకుండానే గర్భవతి అయిన యువతి, భర్త గతించిన తరువాత గర్భం ధరించిన వితంతువు, నమ్మించి విడువబడిన స్త్రీ. వీరికి ప్రసవం వరకు తలదాచుకొనే చోటు ఇచ్చి, పుట్టిన బిడ్డ పోషణకు దారి చూపడం క్రైస్తవ ధార్మిక సేవలో చాలా పాతకాలపు శాఖ. మన పల్లెలలో ఈ విషయం ఎవరూ పైకి మాట్లాడరు. "మేనత్త ఊరికి పంపించాము" అని చెప్పి నాలుగైదు నెలలు పిల్లను ఎవరి కంటా పడనీయని ఇళ్ళు ప్రతి ఊరిలోనూ ఉంటాయి. సరిహద్దు గ్రామాలలో ఆ మేనత్త ఊరు తరచుగా పక్క రాష్ట్రంలో ఉంటుంది. అక్కడ భాష వేరు, ఆసుపత్రి వేరు, తెలిసినవారు తక్కువ. అటువంటి చోట ఎవరో ఒకరు "అంతా మేము చూసుకుంటాము" అని ముందుకు వస్తే ఆ కుటుంబం వారి మాట కాదనలేదు. ఆ వచ్చినవారు మంచివారు కావచ్చు, కాకపోవచ్చు. అందువలన ఈ సేవాగృహాలు ఎక్కడ పుట్టాయి, ఏ మేలు చేశాయి, ఎక్కడ దారి తప్పాయి, నేడు చట్టం ఏమి చెబుతున్నది అన్న సంగతులు కుటుంబాలకు ముందుగానే తెలిసి ఉండడం అవసరం.

తొలినాటి సంగతులు

ఐరోపాలో శిశువులను రహస్యంగా అప్పగించే ఏర్పాటుకు ఆద్యుడిగా పోపు మూడవ ఇన్నోసెంటు పేరు చెబుతారు. టైబరు నదిలో జాలరుల వలలకు పసికందుల శవాలు చిక్కుతున్నాయని తెలిసి, 12వ శతాబ్దం చివర రోమునగరంలోని పరిశుద్ధాత్మ ఆసుపత్రిలో ఆయన ఈ ఏర్పాటు చేయించాడని పరంపరగా వస్తున్న కథ. గోడలో తిరిగే చక్రం వంటి తొట్టి ఉంటుంది. బయట నిలుచున్న తల్లి అందులో బిడ్డను ఉంచి త్రిప్పితే బిడ్డ లోపలికి చేరుతుంది. తల్లి ముఖం లోపలివారికి కనబడదు. తమిళనాడు ప్రభుత్వం 1992లో సేలం జిల్లాలో ఆరంభించిన ఊయల పథకం ఆడశిశువుల హత్యలను ఆపడానికి పెట్టినదైనా, దాని వెనుక ఉన్న ఆలోచన ఇదే.

లండనులో థామస్ కోరం అనే వృద్ధ నావికుడు పదిహేడేళ్ళు పెద్దల ఇళ్ళ చుట్టూ తిరిగి, 1739లో రాజశాసనం సంపాదించి అనాథశిశువుల ఆసుపత్రిని స్థాపించాడు. 1741లో శిశువులను తీసుకోవడం మొదలైంది. వచ్చే తల్లులు ఎక్కువ, ఉన్న చోటు తక్కువ కావడంతో మరుసటి సంవత్సరం నుండి చీటీల వంటి పద్ధతి పెట్టారు. తల్లి ఒక సంచిలో చేయి పెట్టి బంతి తీయాలి. తెల్లబంతి వస్తే బిడ్డను తీసుకుంటారు, నల్లబంతి వస్తే తిప్పి పంపుతారు, ఎర్రబంతి వస్తే వేచి ఉండాలి. ఏనాడైనా తిరిగి వచ్చి బిడ్డను అడగదలచుకుంటే గుర్తు పట్టడానికి తల్లులు ఏదో ఒక ఆనవాలు విడిచి వెళ్ళేవారు. కొందరు గుడ్డపేలిక, కొందరు అరిగిన నాణెం, కొందరు రిబ్బను ముక్క ఇచ్చేవారు. ఆ గుడ్డముక్కలు వేల సంఖ్యలో నేటికీ అక్కడి పాత దస్త్రాలకు గుచ్చి భద్రంగా ఉన్నాయి. 1741 నుండి 1760 వరకు ఆ సంస్థలో చేరిన శిశువులు 16,282 మంది. తల్లులు తిరిగి వచ్చి తీసుకొనిపోయినవారు 152 మంది మాత్రమే. ఆనవాలు విడిచిన తల్లులలో అత్యధికులకు ఆ ఆనవాలు పట్టుకొని తిరిగి వచ్చే స్థితి ఏనాడూ కలుగలేదన్నమాట.

తరువాతి కాలంలో ఈ సంస్థ మరొక షరతు విధించింది. బిడ్డ ఆ స్త్రీకి తొలిచూలు అయి ఉండాలి, అంతకుముందు ఆమె నడత మంచిదని సాక్ష్యం ఉండాలి, తండ్రి విడిచిపోయి ఉండాలి. ఈ సేవలో నడతను తూచి సహాయం చేసే అలవాటు ఎంత పాతదో దీనివలన తెలుస్తుంది. అనేక దేశాలలో సేవాగృహాలు పాడైపోవడానికి కూడా ఈ అలవాటే కారణమైంది.

పూనా నుండి కేడ్‌గావ్ వరకు

మన దేశంలో ఈ కథ క్రైస్తవ గృహాలతో మొదలు కాలేదు. బాల్యవివాహాలు, వితంతు వివాహ నిషేధం కలిసి పదిహేను ఇరవై ఏళ్ళ వితంతువులను ఇంటింటా నింపిన కాలమది. వారు గర్భవతులైతే ఉన్న దారులు మూడే: నాటుమందు, నుయ్యి, లేదా పుట్టిన బిడ్డ గొంతు నులమడం. 1881లో సూరతు న్యాయస్థానం విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు శిశుహత్య నేరంపై ఉరిశిక్ష విధించగా, అనంతరం ఆ శిక్షను తగ్గించారు. ఆ గర్భానికి కారకుడైన పురుషుడిని ఎవరూ అడగలేదు. ఆ సందర్భంలో పత్రికలలో స్త్రీలపై వచ్చిన నిందలకు సమాధానంగానే తారాబాయి షిండే 1882లో 'స్త్రీ పురుష తులన' అనే పుస్తకం ప్రచురించింది. అంతకు చాలా ముందే, 1863లో, జోతిబా ఫూలే, సావిత్రిబాయి దంపతులు పూనాలో శిశుహత్యా నివారణ గృహం తెరచి, గర్భవతులైన వితంతువులు వచ్చి రహస్యంగా ప్రసవించవచ్చునని ప్రకటించారు. అక్కడ ఒక బ్రాహ్మణ వితంతువుకు పుట్టిన యశ్వంతును తమ కుమారుడిగా పెంచుకున్నారు. తెలుగుదేశంలో కందుకూరి వీరేశలింగం పంతులు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఒకే వ్యాధికి పూనాలో ఒక మందు, రాజమండ్రిలో మరొక మందు ఇచ్చారని చెప్పవచ్చు.

క్రైస్తవ సేవా పద్ధతిని ఈ నేల మీద పెద్ద ఎత్తున నాటినది పండిత రమాబాయి. ఆమె 1858లో కర్ణాటకలోని పడమటి కనుమల అడవిలో, గంగామూల అనే చోట జన్మించింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకు సంస్కృతం నేర్పినందుకు పండితుల ఆగ్రహానికి గురి అయినవాడు. ఆ కుటుంబం పురాణప్రవచనం చేస్తూ తీర్థాలు తిరుగుతూ జీవించేది. 1870ల కరవులో వారు తిరుపతి కొండ అడవులకు చేరి, పదకొండు రోజులు నీళ్ళు, ఆకులతో గడిపిన సంగతి రమాబాయి స్వయంగా వ్రాసుకున్నది. కొద్ది కాలంలోనే తండ్రి, తల్లి, అక్క మరణించారు. 1878లో అన్నతో కలకత్తా చేరినప్పుడు ఆమె సంస్కృత పాండిత్యానికి 'పండిత', 'సరస్వతి' బిరుదులు లభించాయి. అన్న మరణించాడు. 1880లో వివాహమాడిన వంగ న్యాయవాది విపినవిహారి మేధావి రెండేళ్ళు తిరగకుండానే మరణించాడు. చంకలో బిడ్డతో ఇరవై మూడేళ్ళ వితంతువుగా మిగిలింది.

1883లో ఇంగ్లండు వెళ్ళి, వాంటేజి అనే ఊరిలోని సన్యాసినుల మఠంలో ఉండగా, లండనులోని ఫుల్‌హామ్‌లో ఆ మఠంవారు నడిపే స్త్రీ రక్షణాలయాన్ని చూసింది. లోకం 'చెడిపోయినవారు' అని త్రోసివేసిన స్త్రీలతో అక్కడి సోదరీమణులు తోబుట్టువులతో మాట్లాడినట్లు మాట్లాడడం ఆమెను కదిలించింది. అంతవరకు తాను చదివిన ధర్మశాస్త్రాలలో అటువంటి స్త్రీకి శిక్ష కనబడింది గాని తిరిగి నిలబడే దారి కనబడలేదని ఆమె తరువాత వ్రాసింది. యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలో ఐదుగురు భర్తలు గల సమరయ స్త్రీతో క్రీస్తు బావి వద్ద మాట్లాడిన ఘట్టాన్ని ఆమెకు చదివి వినిపించినది అప్పుడే. ఆ సంవత్సరం సెప్టెంబరులో ఆమె బాప్తిస్మం తీసుకున్నది. హిందూ సమాజానికి ఆమె తీర్పు కఠినమే. ఇరవై ఏళ్ళ క్రిందటే పూనాలో ఫూలే దంపతులు చేసిన పనిని గుర్తుంచుకుంటే ఆ తీర్పు పూర్తిగా న్యాయమని చెప్పలేము.

1889 మార్చిలో బొంబాయిలో వితంతువుల కోసం శారదాసదనం తెరచింది. అది మరుసటి ఏడు పూనాకు మారింది. మతబోధ లేని పాఠశాలగా మొదలైనా కొందరు విద్యార్థినులు క్రైస్తవం వైపు మొగ్గడంతో 1893లో పెద్ద అలజడి చెలరేగి, అనేక కుటుంబాలు తమ పిల్లలను వెనక్కి తీసుకొనిపోయాయి. ఆ తరువాత పూనా జిల్లా కేడ్‌గావ్ వద్ద కొన్న పొలంలో ముక్తి అనే ఆశ్రమం లేచింది. 1896-97 కరవులో మధ్యపరగణాల నుండి, 1900 కరవులో గుజరాతు ప్రాంతం నుండి ఆమె వందలాది బాలికలను, వితంతువులను తీసుకొని వచ్చింది. కరవులో గుప్పెడు గింజల కోసం శరీరం అప్పగించవలసి వచ్చినవారు, దళారుల చేతిలో పడినవారు వారిలో ఉన్నారు. వారికోసం కట్టించినదే కృపాసదనం. ముక్తి ఆశ్రమవాసుల సంఖ్య ఆ రోజులలో రెండు వేలకు చేరువైంది.

అక్కడ ప్రార్థన తప్పనిసరి, పని కూడా తప్పనిసరి. నేత, కుట్టు, గానుగ, పాడి, అచ్చు యంత్రం, పొలం పనులు స్త్రీలే చేసేవారు. ఒడిలో బిడ్డ ఉన్న స్త్రీకి చేతిలో పని కూడా లేకపోతే ఆమె తిరిగి ఏ గడపకు వెళ్ళవలసి వస్తుందో రమాబాయికి స్వానుభవంతో తెలుసు. ఆనాటి అనేక గృహాలకు తట్టని సంగతి ఇది. రమాబాయి 1922 ఏప్రిల్ 5న మరణించింది. ముక్తి ఆశ్రమం నేటికీ కేడ్‌గావ్‌లో నడుస్తున్నది. స్త్రీలు, పిల్లలు చిన్నచిన్న కుటుంబాలుగా ఒక గృహమాత సంరక్షణలో జీవించే పద్ధతి అక్కడ ఉన్నది.

దారి తప్పిన చోట్లు

ఈ సేవకు మచ్చ తెచ్చిన చరిత్ర ఐర్లండుది. అక్కడ అవివాహిత తల్లులను కన్యాస్త్రీల మఠాలు, స్థానిక సంస్థలు నడిపే గృహాలకు పంపేవారు. ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం 2021 జనవరిలో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1922 నుండి 1998 వరకు 18 గృహాలలో సుమారు 56,000 మంది తల్లులు, 57,000 మంది పిల్లలు గడిపారు. వారిలో దాదాపు 9,000 మంది పిల్లలు మరణించారు. తల్లి దగ్గర నుండి బిడ్డను దత్తతకు తీసుకొనిపోయినప్పుడు ఆమె సమ్మతి పేరుకు మాత్రమే ఉండేదని అనేకమంది సాక్ష్యమిచ్చారు. ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఆకలి కంటే, రోగం కంటే అక్కడ తల్లులను ఎక్కువగా బాధించినది రహస్యం. తన బిడ్డ ఎక్కడ ఉన్నదో తెలుసుకొనే హక్కు తల్లికి లేకుండా పోయింది.

ఐర్లండు వరకు పోనవసరం లేదు. 1999లో, తిరిగి 2001లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని లంబాడీ తండాల నుండి దళారులు ఆడశిశువులను స్వల్ప మొత్తాలకు కొని దత్తత సంస్థలకు చేర్చడం, అక్కడి నుండి కొందరిని విదేశాలకు పంపడం బయటపడింది. తల్లులు వేలిముద్రలు వేసిన కాగితాలలో ఏమున్నదో వారికి తెలియదు. ఆ సంస్థలన్నీ క్రైస్తవులవి కావు, ఏ మతం పేరూ లేనివి కూడా ఉన్నాయి. 2018లో రాంచీలో అవివాహిత తల్లుల ఆశ్రమం ఒకదానిలో శిశువును డబ్బుకు ఇచ్చారన్న ఆరోపణపై ఒక ఉద్యోగిని, ఒక కన్యాస్త్రీ అరెస్టయ్యారు. దాని తరువాత దేశవ్యాప్తంగా అటువంటి గృహాల తనిఖీకి కేంద్రం ఆదేశించింది. సేవ ఎవరి పేరిట జరిగినా లెక్కా పత్రం బయటివారి కంటికి కనబడాలన్న పట్టుదల చట్టంలోకి వచ్చింది ఈ విధంగానే.

గృహం ఏమి చేస్తుంది, ఏమి చేయదు

క్రైస్తవ సంస్థ నడిపే గృహంలో సాధారణంగా వసతి, భోజనం, గర్భిణీ పరీక్షలకు తోడు, ఆసుపత్రిలో ప్రసవం, తరువాత కొంతకాలం విశ్రాంతి లభిస్తాయి. కొన్ని చోట్ల కుట్టుపని వంటివి నేర్పుతారు. మతం మారితేనే చేర్చుకుంటామనే షరతు పెట్టే హక్కు ఎవరికీ లేదు. అటువంటి మాట వినబడితే అక్కడి నుండి వచ్చివేయడమే మంచిది.

ఒక విషయం మాత్రం స్పష్టంగా తెలిసి ఉండాలి. కాథలిక్ సభ గర్భస్రావాన్ని పూర్తిగా వ్యతిరేకిస్తుంది. ఇతర క్రైస్తవ సభలలో అనేకం అదే వైఖరితో ఉన్నాయి. కాబట్టి ఈ గృహాలు గర్భస్రావానికి సహాయం చేయవు. అది వారి విశ్వాసం. అయితే భారత చట్టం వేరు. 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టం 2021 సవరణ తరువాత, చట్టంలో చెప్పిన కారణాలపై ఇరవై వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయంతోనూ, కొన్ని వర్గాల స్త్రీలకు ఇరవై నాలుగు వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయంతోనూ గర్భస్రావం చేయించుకోవచ్చు. అవివాహితలను ఈ రెండవ గడువు నుండి మినహాయించడం తగదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. తండ్రిగాని, భర్తగాని సంతకం చేయనక్కరలేదు. ఆమె పేరు బయటపెట్టడం నేరం. గృహంలో చేరిన స్త్రీకి ఈ గడువులు ఎవరూ చెప్పక, వారాలు దాటిపోయిన తరువాత తెలిస్తే ఆమె నిర్ణయం ఆమెది కాకుండా పోతుంది. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆలోచించే స్త్రీ ముందుగా ప్రభుత్వ ఆసుపత్రిలో ఎన్ని వారాలో పరీక్ష చేయించుకొని, ఆ తరువాత ఏ గృహానికైనా వెళ్ళడం మేలు.

గర్భవతి పద్దెనిమిదేళ్ళలోపు బాలిక అయితే, ఆమె ఇష్టపడినదని చెప్పినా, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అది బాలికపై నేరమే. తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలసి ఉంటుంది. ఇది భయపడి దాచే విషయం కాదు. బాలిక పేరు వెల్లడించకుండా వైద్యుడు గర్భస్రావం చేయవచ్చునని పైన చెప్పిన 2022 తీర్పులోనే ఉన్నది.

బిడ్డను ఉంచుకోలేని తల్లి

బాలల న్యాయచట్టం 2015లో వచ్చింది. అన్ని మతాలవారికీ, అన్ని రాష్ట్రాలకూ ఇదే చట్టం. శారీరక, మానసిక, సామాజిక కారణాలవలన బిడ్డను పెంచలేని తల్లి జిల్లా శిశుసంక్షేమ సమితి ఎదుట బిడ్డను అప్పగించవచ్చు. అవివాహిత అయితే ఆమె సంతకమే చాలు, సమితిలోని ఒక్క సభ్యురాలి ముందు హాజరైతే చాలు. సమితి ముందుగా ఆమెతో మాట్లాడి, ఉంచుకొనే మార్గం ఏదైనా ఉన్నదా అని చూడాలి. అప్పగింత పత్రం వ్రాసిన తరువాత కూడా పునరాలోచనకు అరవై రోజుల గడువు ఉన్నది. ఆ గడువు లోపల బిడ్డను దత్తతకు ఇవ్వడానికి వీలులేదు. తల్లి మనసు మారితే బిడ్డను తిరిగి కోరవచ్చు. కోరం ఆసుపత్రి తల్లులకు గుడ్డపేలిక ఆధారంగా దొరకనిది ఈ తల్లికి చట్టం ఆధారంగా దొరుకుతుంది, ఆమెకు ఎవరైనా చెబితే.

చెప్పకుండా ఆసుపత్రి ఆయా ద్వారానో, 'పిల్లలు లేని మంచి కుటుంబం' తెలిసిన పెద్దమనిషి ద్వారానో బిడ్డ చేతులు మారడం పల్లెలలో వింత కాదు. డబ్బు చేతులు మారితే అది బిడ్డను అమ్మడమే. ఇచ్చినవారికీ, కొన్నవారికీ ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి వారు గాని, గృహం వారు గాని చేస్తే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు శిక్ష. రాష్ట్రం సరిహద్దు దాటించి ప్రసవం చేయించినంత మాత్రాన ఈ చట్టం మారదు. హోసూరులో పుట్టినా, బళ్ళారిలో పుట్టినా, రాయగడలో పుట్టినా, యానాంలో పుట్టినా బిడ్డకు వర్తించేది ఇదే. పిల్లలను ఉంచుకొనే ప్రతి గృహానికీ ఈ చట్టం క్రింద నమోదు పత్రం ఉండాలి. ఆ పత్రం చూపమని అడగడం అవమానం కాదు. ఇంట ఎవరినీ అడగలేని స్త్రీ 181కి, పిల్లల విషయమైతే 1098కి ఫోను చేయవచ్చు. ఆ సంఖ్యలు ఏ రాష్ట్రంలోనైనా అవే.

చాలాకాలం క్రైస్తవ కుటుంబాలకు దత్తత చట్టమే లేదు. 1890 నాటి సంరక్షకుల చట్టం క్రింద బిడ్డకు సంరక్షకులు కాగలిగేవారు గాని తల్లిదండ్రులు కాలేకపోయేవారు. బాలల న్యాయచట్టాల తరువాతనే వారికి సంపూర్ణ దత్తత సాధ్యమైంది.

బిడ్డను ఉంచుకొనే తల్లి

బిడ్డను తానే పెంచుకోదలచిన అవివాహితకు ఎదురయ్యే మొదటి ప్రశ్న 'తండ్రి పేరు?' అన్నదే. పంచాయతీలోను, బడిలోను ఈ ప్రశ్న దగ్గరే తల్లులు తలవంచుకొని తిరిగి వచ్చేవారు. ఢిల్లీకి చెందిన ఒక క్రైస్తవ మహిళ, వివాహం లేకుండా కన్న తన కుమారుడికి తానే సంరక్షకురాలినని కోర్టుకు వెళ్ళింది. తండ్రికి నోటీసు ఇవ్వనిదే కుదరదని క్రింది కోర్టు, హైకోర్టు తోసిపుచ్చాయి. 2015 జూలై 6న సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. తండ్రి పేరు చెప్పమని ఆమెను బలవంతపెట్టరాదన్నది. అంతటితో ఆగక, అవివాహిత తల్లి ప్రమాణపత్రం ఇస్తే చాలు, తన కడుపున పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వవలసిందేనని అధికారులను ఆదేశించింది. ఆ తీర్పులో ఆ తల్లి పేరు లేదు. 'ఏబీసీ' అన్న మూడు అక్షరాలే ఉన్నాయి. జనన నమోదు గుమాస్తా తండ్రి పేరు లేనిదే పత్రం ఇవ్వనంటే ఆ తీర్పు తేదీ చెప్పి, దరఖాస్తును వ్రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవచ్చు.